దుంపల్లోకి ఏ కారం?

చెల్లెలు ఎకువా ఆరేళ్ళ తర్వాత మా ఇంటికి వస్తోంది. టకొరాడి నుంచి ఫోన్ చేసి రెండే మాటలంది. "అక్కా, మంగళవారం వస్తున్నా. చిలగడదుంపలు వేయించి పెట్టు." అంతే, పెట్టేసింది. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

దుంపలు వేయించడం నాకో లెక్క కాదు. కొమెండా అడ్డరోడ్డులో ఇరవై ఏళ్ళుగా అదే నా పని. వేలంత మందాన కోసి, ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి, గుడ్డతో తుడిచి నూనెలో వేస్తే లారీవాళ్ళు ఎగబడి తింటారు. నా భయమంతా వాటిని ముంచుకునే కారం గురించి.

మా ఇంట్లో వేయించిన దుంపల్లోకి ఎప్పుడూ పచ్చికారమే. పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, టమాటా, ఉప్పు వేసి అమ్మ అసాంకాలో నూరేది. లోపలంతా గీతలున్న నల్లటి మట్టి మూకుడు అది. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని అమ్మ కొయ్య పొత్రం తిప్పుతుంటే, మేమిద్దరం దుంపముక్కలు పట్టుకుని చెరో పక్క కాచుకుని ఉండేవాళ్ళం. నూరినదాంట్లోనే ముంచుకు తినడం. వేరే గిన్నెలోకి తీయడమనేదే లేదు.

ఆ అసాంకా ఇప్పుడు రెండు ముక్కలై, అమ్మ పాత గుడ్డలో మూటగా నా మంచం కింద ఉంది.

ఆరేళ్ళ కిందట అమ్మ పోతే శనివారం సమాధి చేశాం. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక గిన్నెలు తోముతుంటే అసాంకా నా చేతిలోంచి జారి పగిలింది. సోమవారం పెద్దలు కూర్చుని అమ్మ వస్తువులు పంచారు. ఎకువా బట్టలడగలేదు, పూసలడగలేదు. "నాకు అసాంకా ఒక్కటి చాలు" అంది. పగిలిందని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. "పెద్దదాన్ని నేనుండగా నీకెందుకిస్తాను? అది ఈ ఇల్లు దాటదు" అన్నాను. ఆ మధ్యాహ్నమే ఎకువా బస్సెక్కింది. మళ్ళీ రాలేదు. ఒక్క అబద్ధానికి ఆరేళ్ళు కాపలా కాశాను.

ఇప్పుడు ఏ కారం పెట్టాలి? పచ్చికారం పెడితే అసాంకా ఏదంటుంది. మానేస్తే ఎందుకు మానేశావంటుంది. పోనీ చేపలు వేయించి మాట మరలుద్దామంటే, మంగళవారం మా ఒడ్డున పడవ కదలదు. సముద్రానికి అది సెలవు రోజు.

పక్కింటి మన్సా పిన్ని దగ్గర మిక్సీ ఉంది. మిరపకాయలు పట్టుకెళ్ళాను.

"ఏమే అరాబా, నువ్వు మిక్సీలో కారం చేయడమేంటే? చేతులు పడిపోయాయా?" అంది.

"తొందరలో ఉన్నా పిన్నీ."

"వచ్చేది నీ చెల్లెలా, మంత్రిగారా? ఎందుకే అలా వణికిపోతున్నావు?"

మిక్సీలో తిప్పితే కారం నురుగు కట్టింది. నాలిక మీద వేసుకుంటే గింజల చేదు. నాకే తెలిసిపోతోంది, ఎకువాకి తెలియదా? దాన్ని కప్పిపుచ్చడానికి ఎండురొయ్యలు వేసి నూనెలో నల్లగా వేయించిన షితో అనే కారం ఒక గిన్నెలో పెట్టాను. వేరుశెనగ ముద్ద ఇంకో గిన్నెలో పెట్టాను. మూడూ పళ్ళెంలో వరసగా సర్దాక, పర్లేదనిపించింది.

ఎకువా వచ్చింది. బుగ్గలు తగ్గాయి, నడక మాత్రం అచ్చం అమ్మదే. మంచినీళ్ళిచ్చాను. పోయిన పెద్దల పేరున కాసిన్ని నేల మీద ఒలికించి, మిగతావన్నీ తాగింది. అలిగి వచ్చినవాళ్ళు నీళ్ళు ముట్టరు. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఏ పని మీద వచ్చావు?" అని పద్ధతి ప్రకారం అడిగాను.

"నిన్ను చూడ్డానికే. ఇంకో పనేం లేదు" అంది.

దుంపలు వేడివేడిగా తెచ్చి ముందు పెట్టాను. అది పళ్ళెం వంక చూసింది. నా వంక చూసింది.

"మూడు గిన్నెలా? నేనేమైనా పాస్టరుగారినా అక్కా?"

"నీకేది ఇష్టమో అని..."

"నాకేది ఇష్టమో నీకు తెలీదూ?" పచ్చికారంలో ముక్క ముంచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. "మిక్సీ."

నేను షితో గిన్నె దాని వైపు జరిపాను.

"నాతో ఒక మూకుట్లో తినడం కూడా ఇష్టం లేదన్నమాట. పరాయిదానికి పెట్టినట్టు గిన్నెల్లో పోసి పెట్టావు." చేతులు కడుక్కోడానికి లేచింది. సంచీ భుజానికి తగిలించుకుంది.

దాచుకున్నది బయటపడుతుందని భయపడ్డానే గాని, దాచడమే దాన్ని గెంటేస్తుందని తోచనేలేదు. గదిలోకి పరుగెత్తి మూట తెచ్చి దాని కాళ్ళ దగ్గర విప్పాను.

ఎకువా వంగి రెండు ముక్కలనూ ఆనించి చూసింది.

"ఎప్పుడు?"

"ఆదివారం. ప్రార్థనయ్యాక."

"అంటే సోమవారం నేనడిగేటప్పటికే..."

"అప్పటికే."

"నువ్వు రోజూ దీంట్లో నూరుకు తింటున్నావని ఆరేళ్ళు కడుపు రగిలిపోయిందే నాకు! నా కొడుక్కి పేరు పెట్టిన రోజు కూడా నిన్ను పిలవలేదు. పగిలిందని చెప్తే ఏం చేసేదాన్ని? కొట్టేదాన్నా?"

"అమ్మ పోయిన వారానికే అమ్మ చేతి వస్తువు పగలగొట్టానని ఏ నోటితో చెప్పనే?"

ఇద్దరం ఏడ్చాం. దుంపలు చల్లారిపోయాయి.

ఎకువా ముక్కు తుడుచుకుని అసాంకా పెద్దముక్క చేతిలోకి తీసుకుంది. మూకుడు అడుగంతా దానికే మిగిలింది, ఒక పక్క అంచు మాత్రం లేదు. నీళ్ళతో కడిగింది. ఒరిగిపోకుండా కాళ్ళ మధ్య ఇరికించుకుంది.

"మిరపకాయలున్నాయా?"

నాలుగు తెచ్చాను. ఉల్లిపాయ, టమాటా, ఉప్పు కూడా. మూలనున్న పొత్రం దానికే కనబడింది. నూరడం మొదలుపెట్టింది. నేను దుంపముక్క పట్టుకుని అంచు లేనివైపు కూర్చున్నాను. ఎర్రటి రసం నా వైపు జారుతోంది.

"కారిపోతోందే" అన్నాను.

"అయితే తొందరగా తిను" అంది.