తొమ్మిదింటి మట్టం

ఆఫీసులో ఆమెను జల్లెడ అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అందరూ మేడం అనే అంటారు. వాన కొలతలు, నదుల నీటిమట్టాలు, భూకంపాలు, ఉపగ్రహాలు తీసిన మబ్బుల బొమ్మలు, ఇలా భూమి గురించి ఏ కబురు పుట్టినా ముందు ఆ ఆఫీసు కంప్యూటర్లో వచ్చి పడుతుంది. అక్కణ్ణుంచి ఫీడ్‌గా మారి, అడిగినవాళ్ల ఫోన్లకు వెళ్తుంది. ఎవరికి ఏది వెళ్లాలో, ఏది మధ్యలో ఆగిపోవాలో నియమాలు రాసేది ఆమె. చెత్త ఏరడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ముద్దు కూడా.

తమ్ముడి కోసం రాసిన నియమాలంటే మరీ ముద్దు. అతను వంతెనలు బాగుచేసే మేస్త్రీ. నెల రోజులుగా ఎండిపోయిన నదిలో దిగి, వంతెన స్తంభం అడుగున గొయ్యి తవ్వించి, ఆరుగురు పనివాళ్లతో పగుళ్లు పూడుస్తున్నాడు. ఫోన్లన్నీ ఒడ్డున రేకుల షెడ్డులోనే ఉంటాయి. అతని ఫోనుకు మాత్రం సైరన్‌లా కూసే ఒక హూటర్ తగిలించారు. కాల్ వస్తే అది మోగదు, అక్క పంపే ఫీడ్ వస్తేనే మోగుతుంది. మోగితే అందరూ పైకెక్కాలి.

మొదట్లో ఫీడ్ అంతా వెళ్లేది. వారం తిరక్కుండానే తమ్ముడు విసుక్కున్నాడు. "ఎక్కడో సముద్రం అడుగున భూమి కదిలితే నాకెందుకక్కా? ఎక్కలేక దిగలేక చస్తున్నాం." ఆమె నవ్వి, ఆ ఒక్క నది తప్ప అన్నీ ఆపేసింది. అక్కడితో ఊరుకుందా? ప్రతి కబురుకూ ఒక నంబరు ఉంటుంది. ఒకసారి చూసిన నంబరు మళ్లీ వస్తే పారేయమని ఇంకో నియమం రాసింది. ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, నమ్మకం చాలక తమ్ముడి ఫోన్లో ఒకటి. ఇక రోజూ పొద్దున తొమ్మిదింటి నీటిమట్టం చప్పుడు లేకుండా ఫోన్లో చేరుతుంది. ఆ తర్వాత కొత్తది ఏది వచ్చినా హూటరే. అక్క హూటర్ మోగలేదంటే నీళ్లు రానట్టేనని తమ్ముడు పనివాళ్లకు ధైర్యం చెప్పేవాడట.

ఆ రోజు పన్నెండుంబావుకు ఆమె అన్నం డబ్బా మూత తీసి, తింటూనే పారేసిన కబుర్ల లెక్క చూసింది. అలవాటుకొద్దీ చూసింది. ఆ నది మట్టం కొలిచే గేజీ నుంచి రోజుకు ఒకటో రెండో పోతాయి. ఇవాళ పందొమ్మిది పోయాయి. ముద్ద డబ్బాలోనే వదిలేసింది. ఒక్కొక్కటే తెరిచింది. అన్నిటికీ ఒకటే నంబరు. కానీ లోపలి అంకెలు ఒకటి కావు. పది దాటాక రెండు మీటర్లు, పదకొండుకు మూడున్నర, ఇప్పుడు నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు.

ఎగువన గేజీ చూసే పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన తాపీగా పలికాడు.

"మీరే కదమ్మా కొత్తవి పంపొద్దన్నారు. అందుకని తొమ్మిదింటిదాన్నే దిద్దుతున్నా. కొండల్లో వాన దంచేస్తోంది. పందొమ్మిదిసార్లు దిద్దాను. మీకు అందట్లేదా?"

కిందటి నెల ఆయన రోజుకు ముప్పై కబుర్లు పంపి అందరి ప్రాణం తీస్తున్నాడని మందలిస్తూ ఉత్తరం రాసింది ఎవరు? ఆమే. రోజుకు ఒకటి మించి కొత్తది తీసుకోకుండా ఆయన పేరుమీద కంప్యూటర్‌కు తాళం వేయించింది కూడా ఆమే. పాపం, చెప్పింది చెప్పినట్టు చేశాడు. మంచివాడు కాబట్టే కొంప మునిగింది.

అక్కణ్ణుంచి వంతెనకు నీళ్లు ఎంతసేపట్లో వస్తాయని అడిగింది. మూడు గంటలన్నాడు. అంటే పది దాటాక పెరిగిన నీళ్లు ఒంటిగంట దాటితే తమ్ముడి నెత్తినే.

తమ్ముడికి చేసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. షెడ్డులో ఎవరుంటారు ఎత్తడానికి? వంతెన పని చూసే ఇంజనీరు దొరికాడు గానీ ఊళ్లో ఉన్నాడు, మనిషిని పంపేసరికి ముప్పావుగంట పడుతుందన్నాడు. పెద్దాయన తాళం తీయించాలంటే పై అధికారి సంతకం కావాలి, ఆయన సెలవులో ఉన్నాడు. తనంతట తాను కొత్త కబురు పుట్టించే వీల్లేదు. దిద్దిన మట్టాన్నే పంపిద్దామంటే, నంబరు పాతదని తమ్ముడి ఫోనే పారేస్తుంది. ఎవరు నేర్పారు దానికి? స్వయానా అక్క. ఇక్కణ్ణుంచి దాన్ని చెరపడమూ కుదరదు. తనమీద తనకే ఒళ్లు మండింది.

ఇక ఒక్కటే దారి. ఆ ఒక్క నది తప్ప అన్నీ ఆపమన్న నియమాన్నే తీసేయడం. అప్పుడు ఏ మూల కబురైనా కొత్త నంబరుతో వెళ్లి హూటర్ మోగిస్తుంది. అడగకుండా తీస్తే ఉద్యోగం మీదికి వస్తుందని తెలుసు. తీసేసింది. తమ్ముడి ఫోన్ పావుగంటకోసారి మాత్రమే ఫీడ్ అందుకుంటుంది. పన్నెండూ ముప్పై అయిదు. ఇంకో పది నిమిషాలు. కుర్చీలో కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది.

పన్నెండూ ముప్పావు దాటింది. ఇప్పుడు కొత్త భయం. ఒకసారి మోగితే ప్రమాదమనుకుంటారు. ఆగకుండా మోగితే యంత్రం చెడిందనుకోరూ? ఎవరో ఒకరు విసుగ్గా పైకెక్కి, వైరు పీకేసి మళ్లీ దిగితే?

పన్నెండూ యాభై రెండుకు ఫోన్ మోగింది. తమ్ముడే. వెనక హూటర్ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.

"ఏంటక్కా ఈ గోల? ఎక్కడిదో అగ్నిపర్వతమట, ఎక్కడో మబ్బులట. వైరు పీకేసి పోదామని నేనొక్కణ్ణే ఎక్కొచ్చా."

"ఒరేయ్, తప్పు నాది. నీళ్లు వస్తున్నాయి. అందర్నీ పైకి లాగు."

"ఇసుక పొడిగానే ఉంది కదే!"

"ఉండనీ. నీకు దణ్ణం పెడతాను, లాగు."

అవతల ఫోన్ బల్లమీద పడిన చప్పుడు, తమ్ముడి కేకలు, ఇనుప నిచ్చెనమీద బూట్లు. ఆమె చెవికి ఫోన్ అదిమిపట్టి గడియారం చూస్తూ కూర్చుంది. ఒంటిగంట. ఒంటిగంటా అయిదు. ఎవరో ఆయాసపడుతున్నారు. ఇంకెవరో పనిముట్లు కిందే ఉన్నాయంటే తమ్ముడు బూతులు తిట్టాడు. ఆ తిట్లు విని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"వచ్చేశాం" అన్నాడు చివరికి.

"లెక్కపెట్టు."

"ఆరుగురూ ఉన్నారక్కా."

"నాకు వినబడేలా పెట్టు."

పెట్టాడు. వెల్డరు, ఇద్దరు అన్నదమ్ములు, పొట్టివాడు, పంపు చూసేవాడు, కొత్తల్లుడు. "ఏడోవాణ్ణి నేను" అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఫోన్లో హూటర్ కింద నుంచి ఇంకేదో మోత మొదలైంది, పెద్దదవుతోంది.

"నిచ్చెన పోయింది. గొయ్యి కనబడట్లేదక్కా" అన్నాడు తమ్ముడు చిన్నగా.

డబ్బాలో అన్నం మూత లేకుండా ఎండిపోతోంది.

"అక్కా, ఇదింకా మోగుతూనే ఉంది" అన్నాడతను కాసేపటికి. "సముద్రం అడుగున ఎక్కడో భూమి కదిలిందట. ఆపనా?"

"వద్దు" అంది ఆమె. "కాసేపు మోగనీ."