స్టెప్నీ దేశపు సలహా మండలి

స్టెప్నీ దేశానికి రాజు లేడు. రాజరికం నాకంటే నాకని ముగ్గురు పిల్లలూ వారం రోజులు జుట్లు పట్టుకున్నాక, అసలు రాజే వద్దనుకున్నారు. ఆటోనగర్‌లో ఉషశ్రీ వాళ్ల నాన్నగారి బస్సు బాడీల షెడ్డు వెనక, చక్రాలు ఊడిన పాత బస్సే ఆ దేశం. డ్రైవరు సీటు సింహాసనం. అందులో ఎవరూ కూర్చోకూడదు. వెనక సీట్లో ఉషశ్రీ, హెప్సిబా, బాలశౌరి సలహా మండలిగా కొలువుదీరేవారు. సలహాను ఖాళీ సీటుకు వినిపించి పది దాకా లెక్కపెట్టేవారు. సీటు కాదనకపోతే అదే చట్టం. పాపం, అది ఒక్కనాడూ కాదనలేదు. అంత చల్లని ప్రభుత్వాన్ని ఉషశ్రీ మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇప్పుడా షెడ్డు ఖాళీ చేస్తున్నారు. రేపు బస్సును గ్యాస్ కట్టర్‌తో కోసేస్తారు. ఆ మాట వినగానే నలభై ఏడేళ్ల ఉషశ్రీ, మైలవరంలో సీట్లు కుట్టే షాపు నడుపుతున్న బాలశౌరికి ఫోన్ చేసింది. ముప్పై ఆరేళ్ల తర్వాత.

"వస్తానండీ," అన్నాడతను. ఆ 'అండీ' దగ్గర ఆమె మనసు చివుక్కుమంది.

పదకొండేళ్లప్పుడు, ఓ వేసవి ఉదయం, సింహాసనం రెక్సిన్ చిరిగి కనిపించింది. బాలశౌరి నాన్న ఆ షెడ్డులోనే సీట్లు కుట్టేవాడు. కత్తెర వాళ్లింట్లోనే ఉంటుంది కనక నేరం అతనిదేనని హెప్సిబా తేల్చేసింది. దేశం నుంచి వెలివేయాలని సలహా చెప్పి, పది లెక్కపెట్టింది. ఆ పది అంకెల్లో ఎక్కడైనా ఉషశ్రీ నోరు విప్పి ఉండాల్సింది. రాజుగా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని ఒంటరిగా ఎక్కి కూర్చున్నది తనే. దిగేటప్పుడు కాలిపట్టీ కొక్కెం తగిలి రెక్సిన్ చిరిగింది. భయంతో ఆ సంగతి దాచేసింది. బాలశౌరి ఒక్క మాటా అనకుండా దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ దేశంలో ఏ చట్టమూ రుచించలేదు.

హెప్సిబాకు నిజం చెబుదామనుకుంటూనే ఏళ్లు గడిచాయి. రెండేళ్ల కిందట ఆమె పోయింది. ఇక మిగిలింది బాలశౌరి ఒక్కడే.

మధ్యాహ్నానికి అతను వచ్చాడు. తల నెరిసింది. బస్సు మెట్టు మీదే ఆగిపోయాడు.

"నేను లోపలికి రాకూడదు కదండీ."

ఉషశ్రీ ఖాళీ సీటు వైపు తిరిగింది.

"ప్రభువుల వారికి మనవి. సీటు చింపింది నేను. బాలశౌరిని వెనక్కి రానివ్వాలి."

అతనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అంకెను నింపాదిగా పలికి, తొమ్మిది దగ్గర ఆగాడు.

"ఆ రోజు కూడా ఇక్కడిదాకా ఆశపడ్డాను."

"నీకు తెలుసా?"

"నువ్వెక్కి కూర్చోవడం కిటికీలోంచి చూశా. నువ్వే చెప్తావనుకున్నా."

ఉషశ్రీకి ఏడుపు ఆగలేదు.

"పది," అన్నాడు బాలశౌరి.

సీటు కాదనలేదు. అతను వచ్చి వెనక సీట్లో కిటికీ పక్కన, తన చోట్లో కూర్చున్నాడు.

"రా ఉషా, కూర్చో. రేపటిదాకా దేశం ఉందిగా."