వదరడం

వేడి కాగితం వాసన. సందు నిండా వాన.

అమీర్‌పేటలో జూలై అంటే ఈ రెండే.

జిరాక్స్ మిషన్‌లో వెలుగు అటు నుంచి ఇటు పాకుతుంది... ఒక కాగితం బయటికొస్తుంది. మళ్లీ వెలుగు. మళ్లీ అదే కాగితం.

దాని మీద ఇంటర్వ్యూ జవాబులు. మీ గురించి చెప్పండి అంటే ఏం చెప్పాలో, పన్నెండు ఇంగ్లీషు వాక్యాలు. మంజూష పొల్లుపోకుండా బట్టీ పట్టింది. మూడు కంపెనీల్లో అప్పజెప్పింది. మూడు చోట్లా వద్దన్నారు.

నాలుగోది గురువారం, పంజాగుట్టలో. అదీ పోతే నిడదవోలు రైలెక్కాలి — నాన్నకిచ్చిన మాట అది. జావా నేర్చుకున్న ఏడాది గంగలో కలిసినట్టే.

కొత్త జవాబులేమైనా వచ్చాయా అని మంజూష అడిగింది. షాపు నడిపే లతీఫా మిషన్ ఆపింది.

"గీ కాగితం మస్తు మంది తీస్కపోయిండ్రు. జర చెప్పు, అందరి నాయినలు బ్యాంకులనే పనిచేస్తరా?"

మంజూష చెవులు వేడెక్కాయి. కాగితంలో ఆరో వాక్యం... మా నాన్న బ్యాంకు ఆఫీసరు. మూడుసార్లూ అదే చెప్పింది. ఆమె నాన్నేమో కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి పడవల్ని వదిలే మనిషి.

సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. కాగితం మీద కాదు, తన మీదే.

చిన్నప్పుడిలా ఉండేది కాదు. లాకుల దగ్గర ఆగిన ప్రతి పడవవాడితోనూ మాట్లాడేది. నీళ్లకి నురగెందుకొస్తుంది, చేపలు నిద్రపోతాయా, నీ పడవ పేరేంటి...

నాయనమ్మ రుద్రమ్మ అరుగు మీంచి కేకేసేది.

"వదరకే."

వదరడం. ఇప్పుడెవరూ పెద్దగా అనని మాట. ఎవరూ అడగని కబుర్లు, పనీపాటా లేని కబుర్లు, నోరు ఊరుకోక చెప్పే కబుర్లు.

నాయనమ్మ పోయింది. ఆ మాట మాత్రం మంజూష గొంతు దగ్గరే కాపలా కూర్చుంది.

ఇక వినను అనుకుంది మంజూష.

ఆదివారం సాయంత్రం షాపు మెట్టెక్కి, లతీఫాతో తనకొచ్చిన ఇంగ్లీషులోనే వదరడం మొదలుపెట్టింది. వాన గురించి. హాస్టల్లో నీళ్ల పప్పుచారు గురించి. ఊళ్లో కాలువ గురించి. తడబడింది. తప్పులు మాట్లాడింది. జనం తిరిగి చూశారు. చూడనీ.

సోమవారం పది నిమిషాలు. మంగళవారం అరగంట. బుధవారం లతీఫా పని ఆపి, ఆ కాలువ ఎంత లోతుంటుందని అడిగింది.

గురువారం. మళ్లీ వాన.

పంజాగుట్ట ఆఫీసు అద్దాల మీద నీళ్లు జారుతున్నాయి. తనకంటే ముందు లోపలికెళ్లిన అమ్మాయి గొంతు తలుపు సందులోంచి వినిపించింది... మా నాన్న బ్యాంకు ఆఫీసరు.

మంజూష వంతు వచ్చింది. మీ గురించి చెప్పమన్నాడు ఇంటర్వ్యూ చేసే ఆయన.

నాన్న కాలువ తలుపులు ఎత్తుతారని చెప్పింది. ఒకవైపు నీళ్లు ఎత్తున, ఇంకోవైపు పల్లాన ఉంటాయని, రెండూ సమమయ్యేదాకా పడవ ఆగాలని, తొందరపడితే బోల్తా పడుతుందని. పడవల పేర్లు కూడా చెప్పింది. అవి ఆయన అడగలేదు.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. మంచికో చెడుకో తెలియలేదు. గడియారం చూసుకుని, ఇక చాలన్నట్టు చెయ్యెత్తాడు.

గొంతు ఆగబోయింది...

ఆగలేదు.

"సార్, ఇంకా అవలేదు," అంది మంజూష.

బయట వాన. ఆయన చెయ్యి ఇంకా దించలేదు. ఆమె చెబుతూనే ఉంది —