పిట్టే అన్న మాట

పెళ్లయి నెల కూడా కాలేదు. పాలు పొంగి స్టవ్ మీద పడినా నాకు నవ్వే వచ్చేది. అప్పటికే మా ఇంట్లో ఒక ఆట మొదలైంది. కిటికీ అవతల నీడ కదిలితే చాలు, యుద్ధనౌక నుంచి సెలవు మీద వచ్చిన మా ఆయన తల తిప్పకుండానే "పిట్టే" అనేవారు. ఆయనకంటే ముందు నేను ఆ మాట అనేస్తే టీ ఆయనే పెట్టాలి. ఆ షరతు నాదే. గెలిచిన రోజు కుర్చీలో కాళ్లు ముడుచుకుని మహారాణిలా తాగేదాన్ని.

ఆ ఆదివారం మా అన్నయ్య పెళ్లి వీడియో పట్టుకొచ్చాడు.

"చూడు బావా, డ్రోన్ అద్దెకు తెచ్చి మరీ తీయించా. నీ బట్టతల ఎక్కడ మొదలైందో కూడా పడింది!"

తెర మీద అందరూ పైకి చూసి చేతులూపుతున్నారు. నేనైతే పళ్లన్నీ బయటపెట్టాను. పక్కన ఈయన మాత్రం నా భుజం పట్టి కిందికి వంచుతున్నారు. పెదవులు కదులుతున్నాయి.

"అదిగో, పిట్టే అంటున్నారు! పెళ్లిలోనే మన ఆట మొదలెట్టేశారు!" అని చప్పట్లు కొట్టాను.

ఆయన లేచి టీవీ ఆపేశారు.

అన్నయ్య వెళ్లాక వంటింట్లో చెప్పారు. ఓడలో ఆయన కూర్చునేది రాడార్ తెర ముందు. చుక్క కనబడితే పిట్ట, డ్రోన్, తెలియదు, ఈ మూడింట్లో ఒకటి చెప్పాలి. తెలియదన్నా సైరన్ మోగుతుంది. డెక్ మీదున్న వాళ్లంతా పని వదిలి లోపలికి పరుగెత్తాలి.

"ఎన్నోసార్లు తెలీదన్నా. ప్రతిసారీ సముద్రపు కాకే. బక్కోడని మా వాడొకడు. 'మళ్లీ కాకిని చూసి పరిగెత్తించావు కదరా, నా టీ చల్లారిపోయింది' అని ఏడిపించేవాడు. ఓడంతా నన్ను కాకుల డాక్టర్ అనేది."

"తర్వాత?"

"ఆ రోజూ నాకు తెలీలేదు. మళ్లీ నవ్వుతారని పిట్టే అన్నా. వచ్చింది డ్రోన్. వాడు కప్పు పట్టుకుని డెక్ మీదే ఉండిపోయాడు."

స్టవ్ మీద టీ మరిగి మరిగి నల్లబడింది. ఇద్దరిలో ఎవరమూ దించలేదు.

మర్నాడు ఓడ నుంచి ఫోన్. మళ్లీ అదే కుర్చీలో కూర్చోగలవో లేదో సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఆయన ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎండలో ఏదో కదిలింది. అలవాటుగా నోరు తెరవబోయారు. చేయి అడ్డం పెట్టాను.

"చూడకుండా చెప్పకండి."

కళ్లు చికిలించి చాలాసేపు చూశారు.

"తెలీదు."

"ఓడలో కూడా ఇలాగే అంటారా?"

"అంటా. ఎంత నవ్వుకుంటారో నవ్వుకోనీ."

వస్తున్నానని వాళ్లకు ఫోన్ చేశారు.

ఆయన వెళ్లాక ఇవాళే మొదటిసారి, కొత్త కప్పులో టీ పోసుకుని, కుర్చీలో కాళ్లు ముడుచుకున్నాను. కిటికీ అవతల నీడ కదిలింది. ఈ ఆటలో నాకు పోటీ ఎవరూ లేరు. అయినా పిట్టే అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

కప్పు అక్కడే వదిలేసి, లేచి కిటికీకి దూరంగా గోడ చాటుకి జరిగాను.