నాలుగు వేళ్ళ ఎడం

మా అక్క మార్ఫా కుడి కనుబొమ్మ మీద ఐదు కుట్ల మచ్చ ఉంది. అది నా వల్ల పడింది. పెద్ద రైఫిల్‌తో గురి చూడ్డానికి ఏ స్కోప్ కొనాలని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెద్ద ఎలుగులకి పేరుపడ్డ కొడియాక్ దీవిలో పుట్టి పెరిగినా మాకు ఎలుగుబంటి వేట పర్మిట్ లాటరీలోనే రావాలి. అక్క పంతొమ్మిదేళ్ళు దరఖాస్తు పెట్టింది. పోయిన చలికాలంలో తగిలింది. ఆమెకి అరవై నాలుగేళ్ళు. మోకాళ్ళు ఇంకో ఏడాది కొండ ఎక్కనిస్తాయో లేదో. ఇదే మొదటిదీ, ఇదే ఆఖరిదీ అని ఇద్దరికీ తెలుసు. వేట ఏప్రిల్లో.

రైఫిల్ ఇంట్లోనే ఉంది. బావ హెర్మన్‌ది. ఆయన పోయి మూడేళ్ళయింది. తూటా ఒక్కొక్కటి నా చూపుడు వేలంత ఉంటుంది. బావ ఎన్నడూ స్కోప్ వాడలేదు, గొట్టం చివర ఉండే గురిముల్లుతోనే కాల్చేవాడు. అక్కకి ఆ ముల్లు ఆనడం లేదు.

"అది ముల్లులా లేదురా సిమియోన్, గొంగళిపురుగులా ఉంది" అంది.

"స్కోప్ పెడదాం అక్కా. అది నాకొదిలెయ్" అన్నాను.

పడవల ఇంజన్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. మర ఏదైనా నాకు తెలుసనే ధీమా. డఫీ తుపాకుల కొట్టుకి వెళ్ళాను. డఫీ ముసలాయన, మా నాన్న ఈడువాడు. నేను అడక్కముందే చిన్న స్కోప్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటిన్నర నుంచి ఐదు రెట్ల దాకా పెద్దది చేసి చూపించేది. నా కళ్ళు మాత్రం అద్దాల బీరువాలో ఉన్న పొడుగాటి దాని మీద పడ్డాయి. ఇరవై నాలుగు రెట్లు!

"నువ్వు వేటకి పోతున్నావా, చందమామ మీద గుంటలు లెక్కపెట్టడానికి పోతున్నావా?" అన్నాడు డఫీ.

"అక్కకి చూపు తక్కువ బాబాయ్. పెద్దగా కనిపిస్తే మంచిదే కదా."

"చూపు తక్కువైతే కళ్ళజోడు కొనిపెట్టు. ఎలుగుని వెతకడానికి మెళ్ళో బైనాక్యులర్ ఉంటది. స్కోప్ కాల్చడానికిరా అబ్బాయ్. పైగా ఈ పొడుగుదానికి కన్ను బాగా దగ్గర పెట్టాలి. హెర్మన్ తుపాకీ ఎట్లా తన్నుద్దో నీకు తెలీదా?"

తెలుసు. అయినా పొడుగుదే కొన్నాను. షెడ్డులో పొయ్యి వెలిగించుకుని, టీషర్టు మీదే ఉండి, రైఫిల్ నా భుజానికి ఆనించుకుని, నా మెడకి సరిపోయేట్టు బిగించాను.

మార్చిలో ఇద్దరం కాల్చి చూసే మైదానానికి వెళ్ళాం. చలిగాలి కోసేస్తోంది. అక్క రెండు ఉన్ని స్వెట్టర్లు వేసుకుని, పైన మందపాటి వానకోటు తొడుక్కుంది. అంత బట్ట భుజానికీ రైఫిల్‌కీ మధ్యన చేరేసరికి స్కోప్ కంటికి దూరంగా ముందుకి జరిగిపోయింది. ఆమెకి నల్లటి వలయం తప్ప ఏమీ కనిపించలేదు.

"చీకటిగా ఉందిరా."

"మెడ ముందుకి చాచు అక్కా."

ఈ మాట అన్నది నేనే. చాచింది. కాల్చింది. రైఫిల్ వెనక్కి తన్నింది, స్కోప్ అంచు కనుబొమ్మని చీల్చింది.

రక్తం తుడుచుకుంటూ అక్క అంది: "ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మీ బావ నా మీద చెయ్యెత్తలేదు. ఆయన చెయ్యని పని ఆయన తుపాకీ చేత చేయించావు కదరా!"

ఆసుపత్రిలో నర్సు ఆ గాయం చూసి "స్కోపా?" అంది. మా ఊళ్ళో అంతకంటే అడగక్కర్లేదు.

కుట్లు ఊడదీశారు గానీ అసలు దెబ్బ మిగిలే ఉంది. మళ్ళీ మైదానానికి వెళితే గుళ్ళన్నీ నేలలోకే పోతున్నాయి. ఎందుకో తెలియక డఫీని పిలిచాను. ఆయన అక్కకి చెప్పకుండా ఖాళీ రైఫిల్ చేతికిచ్చాడు. అక్క ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది అంతే. కానీ గొట్టం జానెడు కిందకి వంగింది, ఆమె కళ్ళు గట్టిగా మూసుకున్నాయి.

"తూటా లేకపోయినా భయపడ్డావమ్మా" అన్నాడు డఫీ.

అక్క రైఫిల్ కింద పెట్టేసింది. "ఇట్లా కాలిస్తే జంతువు గాయంతో పొదల్లోకి పోద్ది. దాని వెనక మనం పోవాలి. నాకొద్దు. పర్మిట్ వదిలేస్తాను."

పంతొమ్మిదేళ్ళు!

"వదిలే ముందు ఒక్కటి చెయ్యి" అని డఫీ తన కోటు విప్పి ముప్పై అడుగుల దూరంలో పొదకి తగిలించి వచ్చాడు. "ఈ పొడుగుదాంట్లోంచి చూడు. ఏం కనిపిస్తోంది?"

"గోధుమరంగు."

"కోటులో ఏ భాగం?"

"నాకేం తెలుసు? బొత్తామో, చంకో!"

తర్వాత దాన్ని విప్పి, కొట్టు నుంచి తెచ్చిన చిన్నది పెట్టాడు. అక్కని స్వెట్టర్లూ, కోటూ, టోపీ అన్నీ వేసుకోమన్నాడు. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, అప్పుడు తెరవమన్నాడు. మెడ కదల్చకుండానే గుండ్రంగా నిండు బొమ్మ కనిపించేదాకా స్కోప్‌ని కొంచెం కొంచెంగా జరిపి బిగించాడు. ఆమె కనుబొమ్మకీ అద్దానికీ మధ్య తన నాలుగు వేళ్ళు పెట్టి చూశాడు. పట్టాయి.

"ఇప్పుడు?"

"కోటు మొత్తం కనిపిస్తోంది. చుట్టూ పొదలు కూడా."

"ఎలుగు ఎదురుపడితే కావల్సింది అదే. ఇంక ఇంటికెళ్ళి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, గొట్టం మీద నాణెం నిలబెట్టి రోజూ యాభైసార్లు నొక్కు. నాణెం పడకూడదు."

మొదటి వారం నాణెం పడుతూనే ఉంది. ఫోన్‌లో ఆ చప్పుడు నాకూ వినిపించేది. "పడింది. ఇదీ నీ పుణ్యమే" అనేది. మూడో వారానికి పడడం మానేసింది. మైదానంలో ఐదు తూటాలు కాల్చింది, ఐదూ అరచేతి వెడల్పులో పడ్డాయి. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మైదానం వేరు, కొండ వేరు.

వేటలో ఆరో రోజు. మేం వాలులో పై పక్కన కూర్చున్నాం. కింద పొదల్లోంచి పెద్ద ఎలుగు బయటకొచ్చింది. అక్క బైనాక్యులర్‌తో చాలాసేపు చూసింది. వెనక పిల్లలు లేవు, ఉంటే కాల్చకూడదు. ఎనభై గజాల దూరం ఉంటుంది. ఆమె ఆసరాగా నాటుకున్న కర్రల మీద రైఫిల్ ఆనించింది. ఆమె కాల్చింది తగలకపోతే వెంటనే కాల్చాల్సినవాణ్ణి నేను. నా తుపాకీ సిద్ధంగానే ఉంది.

రైఫిల్ పేలింది. చప్పుడు ఎదురు కొండకి తగిలి తిరిగొచ్చింది.

అక్క బోల్టు లాగి ఇంకో తూటా ఎక్కించింది. స్కోప్‌లోంచి చాలాసేపు కన్ను తియ్యలేదు. తీశాక కనుబొమ్మ తడుముకుని వేళ్ళు చూసుకుంది. రక్తం లేదు.

"పడిపోయిందా అక్కా?"

ఆమె నా వైపు తిరిగింది. "అదేంట్రా, నువ్వు చూడలేదా?"

"లేదు."

"మరి ఎటు చూస్తున్నావు?"

"నీ కనుబొమ్మ వైపు."

"ఓరి నీ! నాకు కాపలాగా వచ్చి, ఎలుగుని వదిలేసి నా మొహం చూస్తూ కూర్చున్నావా?" అంది. తర్వాత కిందకి చెయ్యి చూపించింది. అది బయటకొచ్చిన చోటే పడి ఉంది. "పద, కత్తులు తియ్యి. చర్మం వొలవడానికి సాయంత్రం దాకా పడుతుంది."