అమ్మేసిన కారు

స్కూటీ వెనక బట్టల మూటలు కట్టుకుని ఊరంతా తిరిగి తిరిగి టైలరమ్మకి విసుగొచ్చేసింది. వాన పడితే కుట్టిన బట్టలన్నీ మళ్లీ ఉతికి ఇస్త్రీ చేయాల్సిందే. అందుకే మేడమీది పెద్దాయన తన చిన్న కారు అమ్మేస్తున్నాడని తెలియగానే ముందుకొచ్చి కొనేసింది. రంగు వెలిసిపోయింది, లోపలంతా ముక్కిన వాసన, అయినా ఇంజను గట్టిది. కాగితాలు తన పేరు మీదికి మారిన రోజున ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆదివారం పూట చెల్లెల్ని సాయం పెట్టుకుని శుభ్రానికి దిగింది. సీట్ల కింద నుంచి ఎండిపోయిన నారింజ తొక్కలు, గడువు తీరిన మాత్రలు, ఎవరిదో ఒంటి చెప్పు బయటపడ్డాయి.

"అక్కా, రెండోది ఇంజన్లో ఉందేమో చూడు," అంది చెల్లెలు.

ఇద్దరూ పడీ పడీ నవ్వుతుంటే బాల్కనీలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "అమ్మాయ్! నా కారు మీద సబ్బునీళ్లు పోయకు. తడిగుడ్డతో తుడవాలి. అయ్యయ్యో, ఆ సీటు కవర్లు పీకేస్తున్నావేం? బంగారంలాంటి కవర్లు!"

ఆ బంగారంలోంచి స్పాంజి ఊడి వేలాడుతోంది. "అమ్మేశాక కూడా నా కారంటాడేంటక్కా?" అని చెల్లెలు గొణిగింది. పెద్దవాడు కదా అని టైలరమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. ముదురు నీలం మందపు గుడ్డతో తనే కవర్లు కుట్టి, అంచులకి తెల్ల పైపింగు వేసి తొడిగింది. కారుకి కొత్త కళ వచ్చింది.

కొన్నాళ్లకి స్కూలు వార్షికోత్సవం వచ్చింది. పిల్లల డాన్సు డ్రెస్సులు ఆ ఉదయమే చేర్చాలి. మూటలు మోసుకుంటూ టైలరమ్మ బయటికొచ్చింది. కారు లేదు. తాళంచెవి చూస్తే తన చేతిలోనే ఉంది! చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. ఎవరూ చూడలేదన్నారు. పోలీసుల దగ్గరికి పరిగెత్తబోతుండగా కారు మెల్లగా గేట్లోంచి లోపలికి వచ్చింది. ముందు లైటు పగిలిపోయి, బంపరు ఒక పక్కకి వేలాడుతోంది. స్టీరింగు దగ్గర పెద్దాయన, పక్కన ఆయన అల్లుడు. వెనక కొత్త కవర్ల మీద బురద పట్టిన పెట్టెలు.

"మీరా! తాళం ఎలా తీశారు?"

"రెండో తాళంచెవి నా దగ్గరే ఉండిపోయిందిలే. అల్లుడు రైలు దిగాడు. పొద్దున్నే నిన్ను లేపడం ఎందుకని అడగలేదు."

"మరి ఈ దెబ్బ?"

"స్తంభం అడ్డొచ్చింది."

"స్తంభం నడిచొచ్చిందా బాబాయిగారూ?" టైలరమ్మ గట్టిగా అరిచింది.

"పోనీలేమ్మా, పెద్దాయన! మరీ అలా అరవాలా?" అన్నాడు పక్కింటాయన.

ఆవిడ గిర్రున అతని వైపు తిరిగింది. "చెప్పకుండా మీ ఇంట్లోంచి టీవీ పట్టుకుపోతే మీరు పోనీలే అంటారా?"

పక్కింటాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా చేతిలో పెరిగిన బండి! దాని సంగతి నాకు తెలీదా?" అన్నాడు పెద్దాయన.

"పెంచారు సరే, అమ్మారు కూడా. తాళంచెవి ఇవ్వండి."

ఆయన చొక్కా జేబు మీద చెయ్యేసుకుని నిలబడిపోయాడు. ఇంతలో ఆయన భార్య ఆయాసపడుతూ మెట్లు దిగింది. "కళ్లు ఆనడం లేదని డాక్టరు చెబితేనే కదా అమ్మించాం! ఏ పిల్లాడో ఎదురొచ్చి ఉంటే?" అంటూ ఆ జేబులోంచి తాళంచెవి లాగి టైలరమ్మ చేతిలో పెట్టింది. "తప్పు మాదేనమ్మా."

కోపం దిగమింగుకుని టైలరమ్మ ఆ కారులోనే స్కూలుకి వెళ్లింది. అక్కడ పిల్లలు జడలు వేసుకుని డ్రెస్సుల కోసం కాచుకుని ఉన్నారు. ఆలస్యమైందని హెడ్‌మిస్ట్రెస్ ఆవిడని అందరి ముందూ కడిగేసింది. ఎవరో చేసిన పనికి తను తలదించుకోవాల్సి వచ్చిందన్న మంట ఇల్లు చేరేదాకా చల్లారలేదు. తిన్నగా మేడెక్కింది.

"లేవండి బాబాయిగారూ, మెకానిక్ దగ్గరికి వెళ్దాం."

"నేనెందుకు?"

"గుద్దింది మీరు. చెప్పాల్సిందీ మీరే."

పెద్దాయన భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. కిందికి దిగి, అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు వైపు నడిచాడు. అక్కడ టైలరమ్మ అడ్డంగా నిలబడి ఉండటంతో చుట్టూ తిరిగి అవతల పక్క ఎక్కాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

పెద్దాయన్ని ఎప్పట్నుంచో ఎరిగిన మెకానిక్ బంపరు ఎత్తి చూశాడు. "మీ కారుకి ఎంత పని జరిగింది సార్!" అని టైలరమ్మ వైపు తిరిగి నవ్వాడు. "మేడమ్ కొత్తగా నేర్చుకుంటున్నారా?"

ఆవిడకి కోపం నషాళానికి అంటింది. అయినా పెద్దాయన్నే చూస్తూ నిలబడింది. ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"నేనే గుద్దాను," అన్నాడు చివరికి. "కారు నాది కాదు. ఈ అమ్మాయిది. అడక్కుండా తీశాను. బాగుచేసే ఖర్చు నాది."

మెకానిక్ నవ్వు మాయమైంది. టైలరమ్మకి మనసు కాస్త తేలికపడింది గానీ పూర్తిగా కాదు. "ఆ మాటే ఇంటి దగ్గర అందరికీ చెప్పండి," అంది.

"చెబుతాలే."

సాయంత్రం చెప్పాడు కూడా, పక్కింటాయనతో సహా అందరి ముందూ. కాకపోతే, ఆ స్తంభాన్ని మరీ రోడ్డు మీదికి పాతారని కలపకుండా ఉండలేకపోయాడు.