పేర్లు పెట్టే ఆవిడ

కింది పెదవి మీద ఒక గీత, పై పెదవి మీద రెండు గీతలు గీసుకుంది. కాగితపు రుమాలు పెదవుల మధ్య పెట్టి నొక్కి, తీసి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. కాగితం మీద తడి తప్ప ఏమీ లేదు.

"రంగే లేనిదానికి పేరేంటి, నా మొహం!" అని కాగితాన్ని ఉండచుట్టి బుట్టలోకి విసిరింది. అది బుట్ట అంచుకు తగిలి కింద పడింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అన్నీ ఇలాగే ఉన్నాయి.

లిప్‌స్టిక్‌లు తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ పేర్లమ్మ అంటారు. రంగులకు పేర్లు పెట్టడం ఆమె ఉద్యోగం. మనుషులకు పేర్లు పెట్టడం, అంటే కనపడినవాళ్ళకల్లా వంకలు పెట్టడం, ఆమె గుణమని ప్యాకింగ్ గదిలో చాటుగా నవ్వుకుంటారు. ఆ నవ్వు ఆమె చెవిన పడకపోలేదు. నవ్వినవాళ్ళకు కూడా తలా ఒక పేరు పెట్టి ఊరుకుంది.

మనిషి పొట్టి. కనుబొమల మధ్య నిలువుగా ఒక ముడత, నవ్వినప్పుడు కూడా పోదు. రోజంతా రాసి, తుడిచి, మళ్ళీ రాయడంతో పెదవులు పొడిబారి అంచుల్లో పగిలి ఉంటాయి. ఆ పెదవులకు ఇంటికి వెళ్ళాక రంగు పూసుకోవాలని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

బల్ల ఎదుట చెక్క అరలో ఆమె పెట్టిన పేర్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. లేత గులాబీ 'నంగనాచి'. దానికంటే కాస్త ముదురు 'బుంగమూతి'. నారింజ రంగు 'పుల్లవిరుపు', మట్టిరంగు 'సణుగుడు', నిప్పుకణికలాంటి ఎరుపు 'ముక్కుమీద కోపం'. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది వంకాయ రంగు 'గయ్యాళి'. "ఒక గయ్యాళి ఇవ్వండి" అని ఆడవాళ్ళు దుకాణంలో నవ్వుతూ అడుగుతారు. "నేను నంగనాచిని, మా ఆడపడుచు గయ్యాళి" అని పూసుకుని ఫోటోలు దిగుతారు.

ఈ మాటలు ఎక్కడివో వాళ్ళకు తెలియదు. ఒక్కటీ ఆమె సొంతం కాదు. అన్నీ మొగుడివి.

అతను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి దిగిపోయాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఊళ్ళోవాళ్ళ గుమ్మాల ముందు చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, 'అయ్యా, అమ్మా' అని తిరిగి తిరిగి, మింగిన మాటలన్నీ ఇంటికొచ్చి కక్కేవాడు. పెళ్ళయిన కొత్తలో అతని స్నేహితుడికి మంచినీళ్ళిచ్చి తల వంచుకుని నిలబడితే నంగనాచి అన్నాడు. చెల్లెలింటికి పంపించమంటే బుంగమూతి అన్నాడు. ఉద్యోగంలో చేరతానంటే గయ్యాళి అన్నాడు. పేరు పెట్టి మాత్రం ఒక్కనాడూ పిలవలేదు.

ఆ చేరిన ఉద్యోగం డబ్బాల మీద చీటీలు అతికించడం. అప్పట్లో రంగులకు అంకెలే ఉండేవి. ఒకరోజు పొద్దున తిన్న తిట్టు గొంతులో అడ్డుపడి, చేతిలో ఉన్న లేత గులాబీ డబ్బా మీద అంకె బదులు నంగనాచి అని రాసి పారేసింది. అది పొరపాటున దుకాణానికి వెళ్ళింది. అలాంటివే ఇంకా కావాలని దుకాణం నుంచి కబురొచ్చింది. చీటీల బల్ల దగ్గర్నుంచి ఆమెను ఈ కిటికీ దగ్గరికి మార్చారు. అప్పట్నుంచి ఇంట్లో తిట్టు పడగానే ఆమె ఏడవడం మానేసింది. ఇది ఏ రంగుకు నప్పుతుందా అని చూసేది. ఒక్క మాటను మాత్రం ఏ రంగుకూ ఇవ్వలేదు. కడుపు నిలవక పడుకున్న రోజుల్లో అతను గొడ్రాలు అన్నాడు. ఆ మాటను అమ్మడానికి ఆమెకు చేతులు రాలేదు.

నిన్న సాయంత్రం ఏం జరిగిందంటే, ఈ రంగుల పేర్ల గురించి పేపర్లో వేశారని చుట్టుపక్కల ఆడవాళ్ళు చూడవచ్చారు. ఆమె టీ తెచ్చేలోపల అతను పడక్కుర్చీలోంచి మొదలుపెట్టాడు. "ఆ పేర్లన్నీ నావేనండీ. నేను నోరు విప్పితే అది కంపెనీకి మోసుకెళ్ళేది. సొంతంగా ఒక్క మాట పుట్టించిందేమో అడగండి." అందరూ పకపకా నవ్వారు. ఆమె గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ మనిషి అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే ఆమె ఒళ్ళు మండించింది. తిట్టినన్నాళ్ళు తిట్టి, ఇప్పుడు ఆ తిట్ల మీద హక్కు కూడా తనదే అంటాడా?

రాత్రంతా పళ్ళు కొరుక్కుంటూ పడుకుంది. తెల్లారేసరికి నిర్ణయించుకుంది. ఇవాళ ఒక పేరు పుట్టించాలి. ఆ నోట్లోంచి రానిది, తన సొంతది. మగవాళ్ళ పెదవులకని కొత్తగా తయారైన ఈ రంగులేని పూతకు ఆ పేరు పెట్టాలి. సాయంత్రం ఇంటికి వెళ్ళి అదే పేరు మొగుడి మొహం మీద కొట్టాలి. అతనికి ఆమె ఇంతవరకూ ఒక్క పేరూ పెట్టలేదు.

"పుట్టిందా అక్కా?" అంటూ రంగులు కలిపే ఆవిడ ఎర్రబడ్డ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది.

"పుట్టిన ప్రతిదీ ఆయన పోలికే."

"మీ ఆయన్ని కాసేపు మర్చిపో."

"మర్చిపోతే ఇంక నోట్లో మాటే లేదు. అదేగా నా ఖర్మ!"

ఆవిడ నవ్వబోయి, పేర్లమ్మ మొహం చూసి మానుకుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచింది. ఆకుకూర. మొగుడికి రక్తపోటని డాక్టరు ఉప్పు మాన్పించాడు. ఇద్దరికీ రెండు వంటలు చేసే ఓపిక లేక ఆమె కూడా అదే తింటోంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది.

చప్పిడి.

అతను ఆ మాట అనడు. పళ్ళెం ముందు కూర్చుని "ఉప్పేదే?" అంటాడు గానీ చప్పిడి అనడు. అది వండేవాళ్ళ మాట, పొయ్యి దగ్గరి మాట. ఆమె లేచి ఆ రంగులేని పూతను చేతిలోకి తీసుకుని, పైకే అంది. చప్పిడి. రంగు లేదు, వాసన లేదు, చప్పిడి మొగుడు, చప్పిడి కాపురం. ఎన్నేళ్ళు నోరు కాలేట్టు మాట్లాడాడో అన్నేళ్ళూ లోపల ఉప్పురాయంత మనిషితనం లేదు. ఎంత సరిగ్గా అతికిందో! ఆమె డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని, తిన్నగా అల్లుడుగారి గదిలోకి వెళ్ళింది.

కంపెనీ పెట్టింది మామగారు కాబట్టి అమ్మకాలు చూసే అతన్ని అందరూ అల్లుడుగారనే అంటారు. అతను ఆమె తెచ్చిన పేరు విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"చప్పిడా? మగాళ్ళు డబ్బిచ్చి మరీ తిట్టించుకుంటారా మేడం?"

"ఆడవాళ్ళు తిట్టించుకోలేదా? గయ్యాళి అంటే పడీపడీ నవ్వారుగా మీరు. ఇప్పుడా నవ్వు ఎటుపోయింది?"

"అది సరదా అండీ. ఇది అవమానం."

ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. "ఇంకోసారి అనండి ఆ మాట."

అతను గొంతు మెత్తగా చేసుకుని, "మేము 'మొనగాడు' అనుకున్నాం మేడం. డబ్బాలు అచ్చుకి కూడా వెళ్ళిపోయాయి. అడక్కపోతే మీరు నొచ్చుకుంటారని అడిగాం, అంతే," అన్నాడు.

"రంగు లేదు, రుచి లేదు, మొనగాడట! పేరు గొప్ప, ఊరు దిబ్బ!" తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

బస్సులో నిలబడి వస్తూ, పోనీలే అనుకుంది. డబ్బా మీదకు ఎక్కకపోతే పోయింది. ఈ పేరు అసలు ఎవరి కోసం పుట్టిందో వాళ్ళకు చేరితే చాలు. పళ్ళెం పెడుతుంది. ఉప్పేదే అంటాడు. "ఉప్పు కూరలో కాదు, మీలో లేదు. మీరు ఉట్టి చప్పిడి," అంటుంది. ఆ మొహం వెలవెలబోవాలి. తిరిగి అనడానికి మాట దొరక్క ఆ నోరు అలా తెరుచుకుని ఉండిపోవాలి. అది కళ్ళారా చూడాలి. పక్కన కూర్చున్న ఆమె తనవైపే చూస్తుంటే, పెదవులు కదులుతున్నాయని తెలిసి మొహం తిప్పుకుంది.

మేడమెట్లు ఎక్కుతుంటే తమ గుమ్మం ముందు చెప్పులు కనిపించాయి. చాలా జతలు. పక్కింటి టైలరమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"టీ ఇద్దామని వచ్చానక్కయ్యా. పిలిస్తే పలకలేదు. అన్నం తిని కునుకు తీస్తున్నారేమో అనుకున్నా..."

అతన్ని మంచం మీద పడుకోబెట్టారు. దుప్పటి గడ్డం దాకా కప్పారు. మూతి లోపలికి పోయి, మనిషి ఎవరో అన్నట్టున్నాడు. "ఎంత మాటకారి! ఆయనుంటే పొద్దు తెలిసేది కాదు," అంటున్నారు ఎవరో. ఆమెకు ఏడుపు రాలేదు. మండిపోయింది. ఇన్నేళ్ళకు ఒక్క మాట, ఒకే ఒక్క మాట సొంతంగా తెచ్చుకుంటే, వినకుండా తప్పించుకుపోయాడు. ఆఖరి దెబ్బ కూడా తనే కొట్టాడు.

మంచం పక్కన కూర్చుని, అతని చెవి దగ్గరకు వంగింది.

"చప్పిడి," అంది.

అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగింది.

"ఊరుకో అక్కయ్యా," అని టైలరమ్మ ఆమె వీపు నిమిరింది. "ఉప్పు లేకుండా పెట్టానే అని ఇప్పుడు కుమిలిపోతే ఎలా? ఆయన మంచికేగా చేశావు!"

"అది కాదు," అంది పేర్లమ్మ.

వినేవాళ్ళు ఎవరు? చివరిదాకా చప్పిడి కూడే పెట్టానని కుళ్ళికుళ్ళి ఏడుస్తోంది పాపం అని మాట గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళిపోయింది. అదే ఆమె సొంత మాట. బయటికి వచ్చిందో లేదో, అతని మీద ప్రేమ కింద జమైపోయింది. లేచి నిలబడి అందర్నీ బయటికి పొమ్మని అరవాలనిపించింది. పిడికిళ్ళు బిగించి కూర్చుంది.

కాసేపటికి టైలరమ్మ మళ్ళీ వచ్చి, గొంతు తగ్గించి, "పళ్ళు నోట్లో పెట్టేయమంటావా అక్కయ్యా? తిన్నాక కడిగి అక్కడ పెట్టుకున్నట్టున్నారు. అందరూ చూడ్డానికి వస్తారు, బోసినోటితో బాగోదు," అంది.

"వద్దు. ముట్టుకోవద్దు."

టైలరమ్మ పక్కకు తప్పుకుంది. కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో, నీళ్ళ అడుగున, కట్టుడుపళ్ళ వరసలు రెండూ ఏదో అనబోతున్నట్టు కాస్త తెరుచుకుని ఉన్నాయి. పై వరస సందులో మధ్యాహ్నం కూరలోని చిన్న ఆకుముక్క ఇంకా ఇరుక్కునే ఉంది.